నల్లా బంద్ అయ్యాక పైపులో జరిగేది

హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి నూరు కిలోమీటర్లకు పైగా పంపింగ్ మీద వస్తాయి. ఫిల్టర్ బెడ్ దాటి క్లోరిన్ కలిశాక ఆ నీళ్లకు పెద్దగా భయపడక్కర్లేదు. గండమంతా మన గల్లీలో, మోరీ పక్కన నడిచే ఆఖరి ముక్క పైపులో ఉంది.

నల్లా ఇరవై నాలుగు గంటలూ రాదు కదా. చాలా కాలనీలకు రోజు విడిచి రోజు, అదీ కొద్దిసేపే. వాల్వ్ కట్టేయగానే లైన్లో మిగిలిన నీళ్లు పల్లంలోని ఇళ్లకు జారిపోతాయి. పైపు ఖాళీ అవుతున్న కొద్దీ లోపల గుంజుడు పుడుతుంది. అప్పటిదాకా నీళ్లు బయటికి కారిన లీకే ఇప్పుడు మురుగును లోపలికి పీలుస్తుంది. గల్లీలో ఒక్క ఇంటివాళ్లు నల్లాకే నేరుగా మోటారు బిగించినా చాలు, నీళ్లొచ్చే టైంలో కూడా ఈ గుంజుడు తప్పదు. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నల్లా నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. అందుకే ఇది చిన్న విషయం కాదంటున్నాం.

ముందు అనుమానించాల్సింది ఇంటి కనెక్షన్‌ను. గల్లీ మెయిన్ లైన్‌కు బిగించిన ఫెర్రూల్ (ఇంటి కనెక్షన్ మొదలయ్యే బిగింపు ముక్క) నుంచి గేటు దాకా వచ్చే అరంగుళం జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు చాలాచోట్ల మోరీలో మునిగే ఉంటుంది. బయటి నుంచి తుప్పు తిని, గోటితో గీకితే పెచ్చులూడుతుంది.

నీళ్లు రాగానే సంపు వాల్వ్ తిప్పకండి. మొదటి ఐదు, పది నిమిషాల నీళ్లు బయటికి వదలండి, వాకిలి కడుక్కోండి. వాసన, నురగ, నల్లటి నలకలు వస్తుంటే ఆ రోజు సంపు నింపొద్దు. తేటగా ఉన్నాయని మాత్రం నమ్మకండి, క్లోరిన్ చూడాలి. క్లోరోస్కోప్ అంటే నీళ్లలో క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపే చిన్న కిట్. దాని గొట్టంలో సంపు నీళ్లు కాదు, నేరుగా నల్లా నీళ్లు పట్టి, కిట్ మీద రాసినన్ని చుక్కలు వేసి, పది సెకన్లలోపే పసుపు రంగు పోల్చండి. ఆలస్యంగా ముదిరే పసుపు అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్‌ది, దాని బలం తక్కువ. లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. ఉండాలని మన ప్రమాణం. వైరస్ భయం ఉన్నప్పుడు 0.5.

ఇక్కడే ఒక మంచి కిటుకుంది. అదే టైంలో పక్కిళ్లలో కూడా చూడండి. వాళ్లకు రంగు వచ్చి మీకు రాకపోతే తప్పు మీ కనెక్షన్‌లో ఉండొచ్చు. గల్లీ మొత్తానికీ రాకపోతే మెయిన్ లైన్‌ది. జలమండలికి 155313లో ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఏ ఇంటి దాకా రంగు వచ్చిందో చెబితే తవ్వే చోటు తొందరగా దొరుకుతుంది.

మురుగు ఒకసారి సంపులోకి వచ్చిందంటే బ్లీచింగ్ చల్లి ఊరుకుంటే లాభం లేదు, ఆ మడ్డే క్లోరిన్‌ను తినేస్తుంది. ఖాళీ చేసి, గోడలు తోమి, మళ్లీ నింపి, 1000 లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ లెక్కన వేసి 24 గంటలు ఉంచి పారబోయాలి. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి 28.3తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. పౌడర్ ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటే వంచండి. మూత తెరిచి గాలి ఆడనివ్వకుండా, పైన మనిషి లేకుండా ఎవరినీ సంపులోకి దించొద్దు, ప్రాణాలు పోతాయి. మామూలు రోజుల్లో క్లోరిన్ సున్నా చూపిస్తే 1000 లీటర్లకు 2.5 గ్రాములు వేసి అరగంట ఆగి మళ్లీ పరీక్షించండి. తడి తగిలిన పాత పౌడర్‌తో ఈ లెక్కలేవీ కుదరవు.

ఆర్వో ఉందని ధీమా పడేవాళ్లకు ఒక్క మాట: అందులోని కార్బన్ క్లోరిన్‌ను తీసేస్తుంది. ఆ నీళ్లను బిందెలో రోజుల తరబడి ఉంచితే కాపలా ఉండదు.

మలం కలిసిందో లేదో చూసే హెచ్2ఎస్ పరీక్ష సీసాలో నీళ్లు పోసి ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. నల్లబడితే పైపు మార్చేదాకా తాగే నీళ్లు తెర్లనిచ్చి దించండి. కొత్త పైపు మోరీ అడుగు నుంచి వద్దు. పైనుంచే, మధ్యలో జాయింటు లేని ఒకే ముక్కగా, బయట ఇంకో పెద్ద పైపు తొడిగి వేయించండి.