పందొమ్మిదో ఛానెల్లో పలికేవారు

కార్తీకమాసంలో మా తోడల్లుడు అమెరికాలో అయోవా రాష్ట్రంలోని డి మోయిన్‌లో గృహప్రవేశం పెట్టుకున్నాడు. మేముండే షికాగో దగ్గరి నేపర్‌విల్ నుంచి ఐదు గంటల దారి. ఐ-88 హైవే మీద టోళ్ళు, కోతలైపోయిన మొక్కజొన్న చేలు, మళ్ళీ టోళ్ళు. అందరూ చూసినవే, రాయను. గృహప్రవేశం గురించీ రాయను. కరెంటు పొయ్యి మీద పాలు పొంగడానికి అరగంట పట్టిందన్నది తప్ప చెప్పడానికి ఏమీ లేదు. రాయవలసింది డాష్‌బోర్డు కింద నేను బిగించుకున్న సీబీ రేడియో సంగతి.

సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్, దారిలో పోయేవాళ్ళు మైకు నొక్కి ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో. 27 మెగాహెర్ట్జ్ దగ్గర 40 ఛానెళ్ళు, మామూలుగా 4 వాట్ల పవరు. లైసెన్సు గొడవ 1983లోనే పోయింది. లారీ డ్రైవర్లది 19వ ఛానెల్. వీధి చివర ఎవరో గరాజు ఖాళీ చేస్తుంటే 40 డాలర్లకు కొన్నాను. యాంటెన్నాకు అంతకంటే ఎక్కువ పోయింది. "చేతిలో ఫోను ఉండగా ఇదెందుకండీ?" అంది మా ఆవిడ. సమాధానం ఉంది కానీ చెప్పలేదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పెదనాన్న లారీలో విశాఖపట్నం దాకా వెళ్ళేవాణ్ణి. ఎదురొచ్చే లారీ రెండుసార్లు లైటు కొట్టిందంటే "ముందు చెకింగ్ ఉందిరా" అని స్పీడు తగ్గించేవాడు. ముక్కూ మొహం తెలియని మనుషులు ఒక్క బల్బుతో అంత మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ వింతే. అదే పని గొంతుతో చేసే రేడియో ఒకటి ఉందని తెలిశాక కొనకుండా ఎలా ఉంటాను?

తీరా చూస్తే రెండు గంటల సేపు గరగర తప్ప ఒక్క మాట లేదు. పక్కనుంచి లారీలు బారులు తీరి పోతున్నాయి. వాటిలో చాలావాటికి అద్దాల పక్కన యాంటెన్నాలు కూడా ఉన్నాయి. అయినా ఒక్కరూ పలకరు. మిసిసిపి దాటేసరికి నా వైరింగే తప్పనుకుని, వాల్కాట్ దగ్గర అయోవా 80 ట్రక్ స్టాపులోకి తిప్పాను. 1964లో మొదలైన చోటు, ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రక్ స్టాప్ అని బోర్డు. లోపల మంగలి షాపు, పళ్ళ డాక్టరు, సీబీ రేడియోల దుకాణం కూడా ఉన్నాయి.

దుకాణంలోని పెద్దాయన కారు దగ్గరికి వచ్చి తీగ మధ్యలో మీటరు తగిలించాడు. పంపిన పవరు యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొస్తే దాని ముల్లు పైకి పోతుంది. ఒకటో ఛానెల్లో మైకు నొక్కి చూశాడు, నలభైలో నొక్కి చూశాడు. నలభైలో ముల్లు మూడు దాటింది. "పుల్ల పొడుగైంది" అన్నాడు. యాంటెన్నా మొదట్లోని చిన్న స్క్రూ వదులు చేసి స్టీలు పుల్లను గోరంత కిందికి దించాడు. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ గోరంత. నాలుగోసారికి ముల్లు ఒకటిన్నర దగ్గర ఆగింది. ఇలాగే మాట్లాడి ఉంటే రేడియో కాలిపోయేదట. మరి నాకు ఎవరూ వినపడలేదేమని అడిగాను. "మీ రేడియో చెవులు బాగానే ఉన్నాయి. మాట్లాడేవాళ్ళే లేరు" అన్నాడు.

ఆయన కుర్రతనంలో అలా కాదట. 1973లో చమురు కరువు వచ్చింది, మరుసటి ఏడు గంటకు 55 మైళ్ళ స్పీడు పరిమితి వచ్చింది. డీజిల్ ఎక్కడ దొరుకుతుంది, పోలీసు ఎక్కడ కాచుకున్నాడు, అన్నీ సీబీలోనే. ఉన్న 23 ఛానెళ్ళు చాలక 1977లో 40 చేశారు. ఇప్పుడు పోలీసు సంగతి ఫోనే చెబుతుంది.

ఫోనుదే తప్పని నేనూ తల ఊపేవాణ్ణే, అక్కడే హెడ్‌సెట్ కొనుక్కోవడానికి వచ్చిన సర్దార్జీ తగలకపోతే. ఫ్రెస్నో నుంచి బాదం లోడుతో న్యూజెర్సీ వెళ్తున్నారు. ఆరేడుగురు మిత్రులు రోజంతా ఒకే ఫోన్ కాల్లో ఉంటారట. లోడు రేట్లు, ఏ కాటా తెరిచి ఉంది, ఊళ్ళో గోధుమ పంట, అన్నీ అందులోనే. లారీలో సీబీ కూడా ఉంది, కట్టేసి ఉంది. "రెండు ముక్కలు మాట్లాడగానే యాస పట్టేస్తారు భాయ్‌సాబ్. ఆ తర్వాత వచ్చే మాటలు ఇంట్లోవాళ్ళ ముందు చెప్పలేను" అన్నారు. సీబీ చచ్చిపోతోందని ఏడ్చేవాళ్ళు ఈ లెక్క ఎందుకు వేసుకోరో! కొత్తగా లారీ ఎక్కినవాణ్ణి తిట్టి తరిమేసి, ఛానెల్ బోసిపోయిందంటే ఎలా?

అయోవా సిటీ దాటాక విసుగుపుట్టి ఆరో ఛానెల్‌కు తిప్పాను. ఒక్కసారిగా గొంతులు, ఒకదాని మీద ఒకటి. ఒకాయన కాలిఫోర్నియా అంటున్నాడు. వెయ్యి మైళ్ళకు పైనే! విజయవాడలో కూర్చుంటే కాశ్మీరులో ఎవరో గొంతు సవరించుకోవడం వినపడినట్టు. ఆకాశంలో పైన ఉండే అయాన్ల పొర ఈ తరంగాలను మళ్ళీ నేలకు వంచుతుంది. దాన్నే స్కిప్ అంటారు. సూర్యుడి పదకొండేళ్ళ చక్రం 2024లో పతాక స్థాయిలో ఉండబట్టి ఆ జోరు. 2017 దాకా 155.3 మైళ్ళు దాటినవాడితో మాట్లాడటం నిషేధం. వినవచ్చు, బదులు చెప్పకూడదు! 2021లో ఎఫ్ఎం కూడా అనుమతించారు. గరగర తగ్గుతుంది, సరే, మాట్లాడే మనిషిని ఎఫ్ఎం తేలేదు కదా. సరదాగా సీబీ పెట్టుకునేవాళ్ళు మిగిలితే ఈ స్కిప్ కోసమే మిగులుతారని నాకు అనిపించింది. అదీ సూర్యుడి దయ. ఇక నుంచి తగ్గుముఖమే, మళ్ళీ ఇంత జోరు 2030ల నడుమే. ఆ పుల్లను అప్పటిదాకా దాచాలి.

ముందు పోతున్న లారీ మాత్రం పలకలేదు.

ఆదివారం తిరుగు ప్రయాణం. చీకటి పడేసరికి దూరపు గొంతులన్నీ పోయాయి. మా ఆవిడ నిద్రలో ఉంది. రేడియోను 19 మీద వదిలేశాను, అలవాటుకొద్దీ. డావెన్‌పోర్ట్ ఇంకా ఇరవై మైళ్ళు ఉందనగా ఉన్నట్టుండి ఓ గొంతు. తూర్పుకు వెళ్ళేవాళ్ళు ఎడమకు తప్పుకోండి, కుడి పక్కన గడ్డి మోపుల బండి బోల్తాపడింది అని. రెండోసారీ అదే చెప్పాడు. ఫోను మ్యాపులో దారి ఇంకా నీలంగానే, అడ్డేమీ లేనట్టే ఉంది. మైకు తీసుకుని, నా యాసతోనే, అందింది, థాంక్యూ అన్నాను. జవాబు రాలేదు. అవతలి దారిలో ఎదురొస్తున్న లారీ ఒకటి రెండుసార్లు లైటు కొట్టి వెళ్ళిపోయింది. ఆ మనిషి అతనేనో కాదో.

మా ఆవిడ కళ్ళు తెరిచి "ఎవరండీ?" అంది.

"తెలియదు. ఎడమకు తప్పుకోమంటున్నాడు."

"మరి తప్పుకోండి" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.