ఎర్రపేలికల లెక్క

మేధో వైకల్యం ఉన్న మా తమ్ముడికి పదికి మించి లెక్క రాదు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక షెడ్డులో, కుట్టు పూర్తయిన ప్యాంట్లకు వేలాడే దారపు కొసలను కత్తిరించడం వాడి పని. పది ప్యాంట్లు పేర్చగానే పైన ఒక ఎర్రగుడ్డ పేలిక వేసి, పక్కన కొత్త దొంతి మొదలుపెడతాడు. సాయంత్రం పేలికలు ఏరితే ఎంత పని చేశాడో తేలిపోతుంది. ఈ ఉపాయం నేర్పింది అక్కడ మిషన్ మీద కుట్టే ఒకామె. వైకల్యం ఉన్నవాళ్లు అందరితో పాటు పని చేసుకునేలా చేసే మార్పును 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 'సహేతుకమైన సర్దుబాటు' అన్నది, అది ఇలాంటిదే. ఆమె ఆ చట్టం పేరు కూడా విని ఉండదు.

అయితే పక్కనే కూర్చుని అదే పని చేసేవాళ్లకు ప్యాంటుకు ఇంత అని కూలి కడుతూ, మావాడికి మాత్రం నాలుగు నెలల పాటు వారానికి 200 రూపాయలు చేతిలో పెట్టి పంపారు. అడిగితే యజమాని నొచ్చుకున్నాడు: "పాపం, పొద్దుపోక వస్తుండాడు కదక్కా, వానికి లెక్కలెందుకు?" దబాయించి ఉంటే నేనూ గట్టిగా మాట్లాడేదాన్ని, జాలిపడే మనిషితో కూలి తగాదా పెట్టుకోవడం ఎంత ఇబ్బందో ఆ రోజే తెలిసింది. ఇంట్లో అమ్మ కూడా, పని ఇచ్చిందే గొప్ప, ఊరుకోమంది.

1995 నాటి చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం కేటాయించినా, అది చూపు, వినికిడి, కదలిక లోపాలున్నవారికే దక్కింది. కొత్త చట్టం దాన్ని 4 శాతం చేసి, ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నింటినీ కలిపి చివరి ఒక్క శాతంలో సర్దింది. ఐదో తరగతి దాటని మావాడికి అదీ అందదు. ప్రైవేటు సంస్థలు రాసిపెట్టుకోవాల్సిన సమాన అవకాశాల విధానంలో, వికలాంగులకు తగిన ఉద్యోగాలేవో, వాటికి ఎలా ఎంపిక చేస్తారో కూడా చెప్పాల్సింది 20 మంది, ఆపైన పనివాళ్లున్నవే; అంతకన్నా చిన్నవి ఏ సౌకర్యాలు కల్పిస్తాయో రాస్తే చాలు. మావాడి షెడ్డులో ఉన్నది పద్నాలుగు మంది. ఇలాంటివాళ్లకు నిజంగా పని దొరికేది ఈ చిన్న షెడ్లలో, కొట్లలో, హోటళ్లలోనే కదా!

నాలుగైదు సార్లు తిరిగాక, పోయిన నెల నుంచి వాడికీ ప్యాంటు లెక్కనే ఇస్తున్నారు. శనివారం సాయంత్రం వాడు పేలికలన్నీ బల్ల మీద వరసగా పరిచి, మేస్త్రీ ఒక్కొక్కటీ లెక్కపెట్టేదాకా అక్కడి నుంచి కదలడు. పాత నాలుగు నెలల బాకీ మాటెత్తితే మాత్రం "చూస్తాంలే అక్కా" అంటున్నారు.