ఐదో అధ్యాయం దగ్గర ఆగిపోయిన నా పీహెచ్‌డీ

నా పీహెచ్‌డీ చెరువుల మీద. వరంగల్ చుట్టుపక్కల, ఒకటి నిండితే ఇంకోదాంట్లోకి నీళ్లు పారే గొలుసుకట్టు చెరువులను ఒకప్పుడు ఊళ్లు ఎలా కాపాడుకున్నాయి, ఇప్పుడు వాటిని ఎవరు చూసుకుంటున్నారు అన్నది విషయం. మొదటి నాలుగు అధ్యాయాలు సాఫీగానే అయిపోయాయి. కాకతీయుల కాలం శాసనాలు, చెరువు తవ్వించినవాళ్లకు పంటలో వాటా ఇచ్చే దశబంధం, నిజాం కాలం రికార్డులు, 46 వేలకు పైగా చెరువులను బాగు చెయ్యాలని 2015లో మొదలైన మిషన్ కాకతీయ, వీటి గురించి ఇతరులు రాసింది పోగుచేసి, సరిచూసి, వరుసలో పెట్టాను. ఐదో అధ్యాయంలో మాత్రం ఊళ్లు తిరిగి తెలుసుకున్నదాన్ని బట్టి నేను నా మాట చెప్పాలి. అక్కడ ఏళ్లపాటు ఆగిపోయాను.

ఆ ఏళ్లలో ఖాళీగా ఉన్నది లేదు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూనే, కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ న్యాక్‌కు చూపించాల్సిన ఫైళ్ల పని అడిగి మరీ తీసుకున్నాను. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు ఇంకోసారి వెళ్లొస్తే తప్ప రాయలేననిపించేది. మొదటి అధ్యాయాన్ని తిరగరాశాను. రాద్దామని కూర్చున్న ఆదివారాల్లోనే వంటింటి అల్మారాలు సర్దాలనిపించేది. ఫోన్‌ను తప్పుపట్టడం తేలిక. కానీ దాన్ని పక్కగదిలో పెట్టి తలుపు వేసిన రోజు కూడా నా చెయ్యి ఇంకో పుస్తకం వైపే వెళ్లింది. నన్ను పక్కకు లాగినవన్నీ నలుగురూ మెచ్చుకునే పనులే, అందుకే అవి నన్ను లాగుతున్నాయని నాకు తెలియడానికి అంతకాలం పట్టింది.

మా కాలేజీలో సైకాలజీ చెప్పే మేడమ్ ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో స్టీవెన్ బెర్గ్లాస్, ఎడ్వర్డ్ జోన్స్ అనే ఇద్దరు 1978లో ప్రచురించిన ప్రయోగం గురించి చెప్పారు. కొందరు విద్యార్థులకు జవాబే లేని ప్రశ్నలిచ్చి, బాగా చేశారని చెప్పారట. ఎలా బాగా చేశారో వాళ్లకే తెలియదు. రెండో పరీక్షకు ముందు రెండు మందులు చూపించి, ఒకటి బుర్రను చురుగ్గా చేస్తుంది, ఇంకోటి మందగింపజేస్తుంది, ఏది కావాలో తీసుకోమన్నారు. ఈ గుంపులోని మగపిల్లల్లో చాలామంది మందగింపజేసేదే కోరుకున్నారు. రెండోసారి మార్కులు రాకపోతే తప్పు మందు మీదికి పోతుంది, తెలివి మీద మచ్చ పడదు. అది వింటుంటే న్యాక్ ఫైళ్లు నాకు ఆ మందులాగే కనిపించాయి. టైమ్ దొరక్క అధ్యాయం ఆగిపోయిందంటే ఎవరూ కాదనరు. రాశాక అందులో పస లేదని తేలితే మాత్రం దాన్ని మోయాల్సింది నేనే.

మా తాత మా ఊరి చెరువుకు నీరటి. తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ఎంత నీళ్లు వదలాలి అన్నది ఆయన చేతిలో ఉండేది. మా నాన్న అదే ఆయకట్టు కింద వరి పండించాడు. అలాంటి ఇంట్లో పుట్టి చెరువు గురించి పొల్లు మాట రాస్తే ఎట్లా అన్న భయం నన్ను పట్టుకుంది. సెమినార్ పేపర్లు ఒకే బిగిన రాసేసేదాన్ని, ఎందుకంటే వాటి మీద నాకంత ప్రేమ లేదు. మనసుకు దగ్గరైన పని దగ్గరే ఈ అడ్డం ఎక్కువగా వస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. కాబట్టి పని వాయిదా పడుతోందంటే దాని మీద ఇష్టం లేదనుకుని వదిలెయ్యకూడదు.

గడువు కూడా తరుముతోంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, ఆడవాళ్లకు ఆపైన మరో రెండేళ్లు. ఈ వెసులుబాట్లు పెట్టినవాళ్లకు దండం పెడతాను, ఇల్లూ ఉద్యోగమూ మోస్తూ చదివే నాలాంటివాళ్లకు అవి ప్రాణం. అయితే గడువు టెన్షన్ పెట్టిందే తప్ప రాయించలేదు.

రాయించింది మా గైడ్ పెట్టిన నియమం. ప్రతి శనివారం రెండు పేజీలు, చేత్తో రాసినవి, ఎలా ఉన్నా సరే తెచ్చివ్వాలి. టైప్ చేసి, ఫుట్‌నోట్లు పెట్టి తెస్తే తీసుకోనన్నారు. దిద్దుకోవడానికి వీల్లేకపోయేసరికి రాయడమే మిగిలింది. రాసేటప్పుడు ఫలానా రిపోర్ట్ చూడాలి, ఫలానా వాళ్లకు ఫోన్ చెయ్యాలి అని తోస్తే లేవకుండా పక్కన నోట్‌బుక్‌లో ఒక మాట రాసుకునేదాన్ని. సాయంత్రం ఆ జాబితా చూస్తే చాలావరకు అక్కర్లేనివే ఉండేవి. న్యాక్ పని అప్పగించేస్తానని ప్రిన్సిపాల్‌కు చెప్పిన రోజు గొంతు తడారింది. ఆయన సరేనమ్మా అని ఇంకొకరికి ఇచ్చారు.

అన్నిటికంటే మేలు చేసింది మా నాన్నకు చదివి వినిపించడం. మొదటిసారి మొత్తం విని, “ఇదంత వాళ్లు చెప్పిందే కద బిడ్డా, నువ్వేమంటవు?” అన్నాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నేనేమంటానో నాకు తెలుసు. నేను తిరిగిన ఊళ్లలో పూడిక తీశారు, కట్ట బలపరిచారు, ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే మత్తడి బాగుచేశారు. చెరువు నిండింది. కానీ తూము దగ్గర ఉండే మనిషి లేడు. నీరటికి పంటలో ఇచ్చే వాటా పోయింది, దాని బదులు జీతం రాలేదు. బోర్లున్న రైతుకు చెరువుతో పని తగ్గింది. చెరువును బాగుచెయ్యడమంటే ఆ మనిషిని కూడా తిరిగి నిలబెట్టడం. ఈ మాట ఏళ్లుగా నాలో ఉంది. ఇది తప్పని ఎవరైనా అంటారేమోనని దాని చుట్టూ తిరిగాను.

తెల్లారి ఆ మాటతోనే అధ్యాయం మొదలుపెట్టాను. మొదటి వాక్యం కుదిరాక మిగతాది వేగంగానే నడిచింది, ముగింపు అధ్యాయం దగ్గర మాత్రం పాత లాగుడు మళ్లీ వచ్చింది. అప్పటికి దాన్ని గుర్తుపట్టడం వచ్చింది కాబట్టి కొద్దిరోజులకే తెమిలాను. వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, ఎగ్జామినర్ ఆ ఐదో అధ్యాయం మీదే గట్టిగా ప్రశ్నించారు, బోర్ల లెక్క తక్కువ చూపించానన్నారు. ఆయన చెప్పినదాంట్లో న్యాయముంది. నేను భయపడింది అదే, తీరా ఎదురయ్యాక హాయిగా జవాబు చెప్పాను.

థీసిస్ ఇప్పుడు పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్ శోధ్‌గంగలో ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. అది ఇంగ్లిష్‌లో ఉందని మా నాన్నకు వెలితి. అందుకే రైతులు చదువుకునేలా తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. దీనికీ అల్మారాలు సర్దాలన్న కోరిక పుడుతోంది, శనివారం రెండు పేజీలు మాత్రం ఆగడం లేదు.