జెల్లీఫిష్ నేర్పిన డీఎన్‌ఏ వల

రక్తంలోంచి క్యాన్సర్ కణాల్ని పట్టే చిప్ అనగానే అందరూ యాంటీబాడీ (కణం మీది గుర్తును పట్టుకునే ప్రొటీన్) దగ్గరే ఆగిపోతారు. 2012లో అమెరికాలోని పరిశోధకులు జెఫ్రీ కార్ప్, రోహిత్ కర్నిక్ బృందాలు చూపించిన దారి నాకు అంతకంటే నచ్చింది. జెల్లీఫిష్ పొడవాటి టెంటకిల్స్‌తో ఎరను పట్టినట్టే, చిప్‌లో రక్తం పారే సన్నటి కాలువ (చానెల్) అడుగున పొడవాటి డీఎన్‌ఏ పోగులు పరిచారు. పోగు పొడవునా ఒకే ఆప్టమర్ (మడత పడి ఒక లక్ష్యాన్ని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్క) మళ్లీ మళ్లీ వస్తుంది. అది ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కణాల మీదుండే పీటీకే7 ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. పోగుల తయారీ రోలింగ్ సర్కిల్ పద్ధతిలో: గుండ్రటి డీఎన్‌ఏ అచ్చు (టెంప్లేట్) చుట్టూ, డీఎన్‌ఏని అల్లే ఎంజైమ్ పాలిమరేజ్ ఆగకుండా తిరుగుతుంది.

సన్నటి చానెల్‌లో ద్రవం పొరలు పొరలుగా పోతుంది, కలవదు. అందుకే పైకప్పులో హెరింగ్‌బోన్ గాడులు, అంటే చేప ముళ్లలా వాలుగా ఉండే గాడులు, చెక్కి ద్రవాన్ని కలపాలి. లేకపోతే కణాలు పోగుల్ని తాకకుండానే దాటిపోతాయి.

అసలు చిక్కు రక్తం తీసే ట్యూబుతోనే మొదలు, అందులో గడ్డకట్టకుండా వేసే మందుతో. ఆప్టమర్ సరిగ్గా మడత పడాలంటే సాధారణంగా మెగ్నీషియం కావాలి, ఆ మందుల్లో ఒకటైన ఈడీటీఏ దాన్నే లాగేస్తుంది. ఇంకో మందు హెపారిన్ వాడదామంటే తర్వాత పీసీఆర్ (డీఎన్‌ఏ కాపీలు పెంచే పరీక్ష) మొరాయిస్తుంది. ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) తీసేసి, కణాల్ని మెగ్నీషియం ఉన్న బఫర్ ద్రావణంలో కలపడమే మేలు. ప్లాస్మాలో ఉండి డీఎన్‌ఏని కోసేసే ఎంజైమ్‌లు, న్యూక్లియేజ్‌ల బెడదా తగ్గుతుంది. చానెల్ గోడల్ని ముందే బీఎస్‌ఏ అనే ప్రొటీన్‌తో కప్పకపోతే (బ్లాక్ చేయకపోతే) తెల్లకణాలు అంటుకుని లెక్క తప్పుతుంది. అన్నట్టు, గాలి బుడగ ఒక్కటి దూరినా అంటుకున్న కణాలు ఊడిపోతాయి.

విడిపించడం మాత్రం సులువు. డీఎన్‌ఏని కోసే ఎంజైమ్ పంపితే చాలు, కణాలు బతికే బయటికొస్తాయి, ల్యాబ్‌లో పెంచడానికీ (కల్చర్‌కీ) పనికొస్తాయి.