మళ్లీ జడకట్టిన హెటెరోపోగాన్ మీసాలు

హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాల సేకరణ) కోసం గడ్డిని పేపర్ల నడుమ నొక్కి ఆరబెట్టే ప్రెస్ విప్పంగనే పాణం ఉసూరుమంది. దేవరకొండ దగ్గరి గుట్ట వాలు నుంచి తెచ్చిన హెటెరోపోగాన్ కంటార్టస్ అనే గడ్డి మీసాలన్నీ (గింజల కొసన ఉండే పొడుగు పోగులు) మళ్లీ ఒకదాన్నొకటి చుట్టుకుని జడలాగ పేనుకున్నయి. ఆ మెలికి పై స్పైక్‌లెట్లు (గడ్డిపూల చిన్న గుత్తులు) కంకి నుంచి ఊడొచ్చినయి. కొన్నైతే అడుగున ఉండే సూదిమొనతో పేపరు పొడుచుకుని అవతలి పొరలో దిగినయి. కింది వరుసల మీసాల్లేని మగ స్పైక్‌లెట్లు మాత్రం కదల్లేదు.

మొక్క వేళ్లతో కలిపి 84 సెం.మీ., నమూనా ఎక్కించే షీటు 42 సెం.మీ. అందుకే ఎన్ అక్షరం లాగ మడిచిన, అక్కడ ఏ ఇబ్బందీ లేదు. పేచీ అంతా మీసాలతోనే. ఒక్కోటి 7 సెం.మీ. పైనే ఉంది. తడిస్తే మెలి విప్పుకుంటది, ఆరితే మళ్లీ మెలిపడ్తది. గింజ మట్టిలోకి దిగేది ఈ కదలికతోనే, గొర్ల ఉన్నిలో దిగేది కూడా. ఒకదాని మీద నీటిచుక్క వేస్తే కళ్లముందే తిరిగింది. అంటే ప్రెస్‌లో తేమ పోతున్నకొద్దీ ఇవి తిరుగుతనే ఉంటయి. బెల్టు ఇంకా బిగించి చూస్తే కాడ నలిగింది గని మెలి ఆగలేదు.

నా అనుమానం మొదట పొద్దటి మంచు మీద. మంచు ఆరకముందు కోస్తే మీసాలు విప్పుకుని ఉంటయి, మెలి మొత్తం ప్రెస్‌లోనే పడ్తది. ఎండెక్కినంక కోస్తే కొంత మెలి గుట్ట మీదనే అయిపోతది, కాకపోతే ముదురు కంకి ముట్టుకుంటేనే రాలుతది. పేపరు మీద కూడా అనుమానముంది: రంగుల ప్రకటనల పేజీలు తడి సరిగ్గ పీల్చవు, నలుపు తెలుపు పేజీలే నయం.

ఇప్పుడు ఆకుతొడుగు నుంచి సగమే బయటికొచ్చిన లేత కంకి ఒకటి, ముదిరింది ఒకటి పక్కపక్కనే పెట్టిన. ముదిరినదాని మీసాలను బటర్ పేపర్ పట్టీల నడుమ విడివిడిగ పరిచి, చివర్లు దారంతో కుట్టిన. ఊడిన స్పైక్‌లెట్లు చిన్న కవర్లో వేసి షీటుకే అంటిస్త. గుర్తింపుకు అవే ఆధారం, ఒక్కటి కూడా పారేయొద్దు.

అప్లూడా మ్యూటికా అనే ఇంకో గడ్డి మంచిగ ఆరి షీటెక్కింది. దానికి ఫెవికాల్ వాడలేదు, తెల్లదారం కుట్లే వేసిన. రేపు ఎవరైనా విప్పి చూడాలన్నా కాడ విరగదు. సెల్లోటేపు జోలికైతే పోనే పోవద్దు, పసుపెక్కి ఊడుతది.

ఇక డిండి వాగు వెంట రెల్లు కోయాలె. మనిషిని మించి పెరుగుతది కాబట్టి వేళ్లున్న అడుగు, ఆకులున్న నడుమ, కంకి మూడు ముక్కలు చేసి, ఒకే నంబరుతో మూడు షీట్లకు ఎక్కిస్త. తెల్ల నూగు గాలికి లేవకముందే పోవాలె. అమ్రాబాద్ గడ్డి కూడా మనసులో ఉంది గని, అది పులుల అభయారణ్యం. ముందు అటవీశాఖకు అనుమతి కోసం రాయాలె.