పాత ప్లేయర్‌లో రాక్‌బాక్స్ ఎక్కించాలా, ఉన్నదే ఉంచుకోవాలా?

రాక్‌బాక్స్ అంటే పాత ఎంపీ3 ప్లేయర్లలో కంపెనీ ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ని నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్) బదులు వేసుకునే ఉచిత ఫర్మ్‌వేర్. ఒక సంగతి ముందే చెప్పేస్తాను. రాక్‌బాక్స్ వేసినంత మాత్రాన పాట కొత్తగా వినిపించదు. శాన్‌డిస్క్ క్లిప్ ప్లస్ అయినా, ఐపాడ్ వీడియో అయినా, అంకెల్ని శబ్దంగా మార్చే చిప్ మారదు, హెడ్‌ఫోన్‌ని నడిపే భాగమూ మారదు. ఈక్వలైజర్ జోలికి పోకుండా రెండు ఫర్మ్‌వేర్లనీ ఒకే వాల్యూమ్‌లో వింటే తేడా పట్టుకోవడం కష్టం. సౌండు పెరుగుతుందని కొందరు అంటారు. దానికి కారణం వేరే. శాన్‌డిస్క్ ప్లేయర్‌ని మొదటిసారి ఆన్ చేసినప్పుడు ప్రాంతం యూరప్ అని నొక్కేస్తే కంపెనీ ఫర్మ్‌వేర్ వాల్యూమ్‌ని కొంత దగ్గరే ఆపేస్తుంది. ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కి తీసుకెళ్లి మిగతా ప్రపంచం అని ఎంచుకుంటే ఆ కట్టడి పోతుంది. దానికోసం ఫర్మ్‌వేర్ మార్చక్కర్లేదు.

మరి ఎవరు వేసుకోవాలి? నా లెక్కలో మొదటివాళ్లు సంగీతం నేర్చుకునేవాళ్లు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో అలాంటివాళ్లకు కొదవ లేదు. వాళ్లకు పనికొచ్చేది రాక్‌బాక్స్‌లో పాట శ్రుతినీ వేగాన్నీ మార్చే పిచ్ స్క్రీన్. కంపెనీ ఫర్మ్‌వేర్‌లో ఈ స్థాయి పనితనం ఉండదు.

ఉదాహరణకి రికార్డింగ్ అయిదున్నర శ్రుతిలో ఉంది, మీ గొంతు అయిదుకే కుదురుతుంది అనుకుందాం. మధ్యలో తేడా ఒక అరస్వరం, అంటే పిచ్‌ని 100 నుంచి 94.4 శాతానికి దించాలి. నాలుగున్నరకి రావాలంటే రెండు అరస్వరాలు, 89.1 శాతం. శాతాల లెక్క వద్దనుకుంటే అదే స్క్రీన్‌ని అరస్వరాల లెక్కకి మార్చుకోవచ్చు. అయితే దీనికి ముందు సౌండ్ సెట్టింగ్స్‌లో టైమ్‌స్ట్రెచ్ ఆన్ చేసి ప్లేయర్‌ని ఒకసారి ఆపి మళ్లీ పెట్టాలి. ఇది చేయకపోతే శ్రుతి దించినప్పుడు పాట కూడా ఈడుస్తుంది, పెంచితే పరుగెడుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి పని చెయ్యట్లేదనేస్తారు.

టైమ్‌స్ట్రెచ్ ఆన్‌లో ఉంటే శ్రుతి, వేగం దేనికది విడివిడిగా కదుపుకోవచ్చు. వేగం 35 నుంచి 250 శాతం దాకా పోతుంది గానీ అంతా వాడుకునేది కాదు. వర్ణం రెండో కాలం పట్టుకోవడానికి 80 శాతం బాగుంటుంది, గమకం ఎక్కడ ఊగుతోందో తెలుస్తుంది. 60కి దిగితే మృదంగం దెబ్బ రెండుసార్లు పడ్డట్టు మసకబారుతుంది. వేగం తగ్గించడమంటే శబ్దాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఒకదానిమీద ఒకటి కొంత పడేలా మళ్లీ పేర్చడం. సాగే స్వరానికి అది తెలియకుండా పోతుంది, చటుక్కున పడే దెబ్బకి తెలిసిపోతుంది. కాబట్టి తాళం పట్టుకోవడానికి మరీ తగ్గించకండి.

పాత గ్రామఫోన్ ప్లేట్ల నుంచి ఎక్కించిన ఫైళ్లకీ ఇదే మందు. ప్లేట్ తిరిగిన వేగంలో తేడా వల్ల శ్రుతి ఏ కట్టెకీ (అయిదు, అయిదున్నర లాంటి మెట్టుకీ) చెందకుండా మధ్యలో ఉండిపోతుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కాలంనాటి ఫిడేలు ప్లేట్లతో పాటు వాయిద్దామంటే మీ తీగలు సవరించుకోవడమైనా చెయ్యాలి, రికార్డింగ్‌ని సవరించడమైనా చెయ్యాలి. పిచ్ స్క్రీన్‌లో 0.1 శాతం చొప్పున కదులుతుంది కాబట్టి తంబూరా పెట్టుకుని కలిసేదాకా జరపండి. ఇలాంటి ఫైలుకి మాత్రం టైమ్‌స్ట్రెచ్ వాడకుండా శ్రుతి, వేగం కలిపే మార్చాలి, ఎందుకంటే మొదట తప్పింది రెండూ కలిసే.

ఫోనులో యాప్ వేసుకుంటే ఇదంతా రాదా అంటే వస్తుంది. ఫోను చాలనుకునేవాళ్లు ఈ పోస్టు ఇక్కడితో ఆపేయొచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

రెండో రకం, హరికథలూ ప్రవచనాలూ వినేవాళ్లు. రెండు గంటల కథ ఒకే ఫైలుగా ఉంటుంది, మధ్యలో ఆపి వేరే పాట వింటే కంపెనీ ఫర్మ్‌వేర్ చాలాసార్లు మొదటికి తీసుకుపోతుంది. రాక్‌బాక్స్‌లో జనరల్ సెట్టింగ్స్ లోపల బుక్‌మార్కింగ్ ఉంది. ఆపినప్పుడు బుక్‌మార్క్ పెట్టు అన్నదానికి అవును అని ఇచ్చి, ఇటీవలి బుక్‌మార్కుల జాబితాని కూడా ఆన్ చేయండి. అప్పుడు నాలుగు కథలు నాలుగు చోట్ల వదిలేసినా దేన్ని ఎక్కడ వదిలామో అది గుర్తు పెట్టుకుంటుంది.

సీడీ నుంచి తీసిన రాగం తానం పల్లవి మూడు ట్రాకులుగా ఉంటే మధ్యలో ఖాళీ లేకుండా కలిపి వాయిస్తుంది. ఫ్లాక్, ఓపస్, ఆగ్ లాంటి ఫైలు రకాలన్నీ చదువుతుంది. పాత ఘంటసాల పాట మెల్లగా, వెంటనే కొత్త సినిమా పాట చెవులు బద్దలయ్యేలా రావడం మీ బాధ అయితే, కంప్యూటర్లో ఫూబార్2000 అనే సాఫ్ట్‌వేర్‌తో రీప్లేగెయిన్ (పాటల సౌండు సమానం చేసే) లెక్క వేయించి, ప్లేయర్‌లో ట్రాక్ గెయిన్ ఆన్ చేసుకోండి. ఈక్వలైజర్ పది బ్యాండ్లది. బాస్ 6 డెసిబెల్స్ పెంచితే ప్రీకట్ (మొత్తం సౌండుని ముందే తగ్గించే సెట్టింగ్) కూడా 6 పెట్టండి, లేకపోతే గట్టి చోట్ల గరగర వస్తుంది. టైమ్‌స్ట్రెచ్, ఈక్వలైజర్ రెండూ ప్రాసెసర్‌కి పని పెంచుతాయి, బ్యాటరీ ఆ మేరకు తగ్గుతుంది.

ఇక మన భాష సంగతి. తెలుగు అక్షరాల్లో పేర్లు చదువుకోవాలన్నదే మీ కోరిక అయితే రాక్‌బాక్స్ వేయకండి. యూనికోడ్ తెలుసు గానీ, గుణింతాలూ ఒత్తులూ కలిపి రాసే పని దానికి రాదు. తెలుగు అక్షరాలున్న ఫాంట్ పెట్టినా శ్రీ అన్నది శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘంగా విడిపోయి కనిపిస్తుంది. అందుకని ట్యాగులూ (పాట ఫైల్లో దాచిన పేరు, కళాకారుడి వివరాలు) ఫైలు పేర్లూ ఇంగ్లిష్ లిపిలో రాసుకోవడమే దారి. ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో వందలకొద్దీ ఒకేసారి మార్చొచ్చు. ఒక్కో పేరుకి ఒకే స్పెల్లింగ్ పట్టుకోండి. ఘంటసాలని మూడు రకాలుగా రాస్తే డేటాబేస్‌లో, అంటే ట్యాగులు చూసి రాక్‌బాక్స్ కట్టే జాబితాలో, ముగ్గురు ఘంటసాలలు తయారవుతారు. డౌన్‌లోడ్ పాటల్లో కళాకారుడి పేరు చోట వెబ్‌సైట్ పేరు ఉంటుంది కదా, అదీ అప్పుడే ఏరేయండి. ఆల్బమ్ బొమ్మ కనిపించకపోతే అది ప్రోగ్రెసివ్ జేపెగ్ అయి ఉండొచ్చు, మామూలు జేపెగ్‌గా మళ్లీ సేవ్ చేస్తే వస్తుంది.

మీ చేతిలో ఉన్న ప్లేయర్‌కి అసలు రాక్‌బాక్స్ ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. శాన్‌డిస్క్‌లో క్లిప్, క్లిప్ ప్లస్, క్లిప్ జిప్, ఫ్యూజ్, ఫ్యూజ్ ప్లస్‌కి ఉంది. క్లిప్ జామ్, క్లిప్ స్పోర్ట్‌కి లేదు, వాటి లోపలి చిప్పే వేరు. పేరులో క్లిప్ అని ఉంది కదా అని కొనేయకండి. ఐపాడ్‌లో వీడియో, క్లాసిక్, మినీ, మొదటి రెండు తరాల నానోలు సరే. షఫుల్ కాదు. సంతలోనూ బస్ కాంప్లెక్స్ దగ్గరా దొరికే మెమరీ కార్డు ప్లేయర్లకీ, కారవాన్‌కీ దారి లేదు. పాత క్లిప్, ఫ్యూజ్‌లలో ఇంకో మెలిక ఉంది: పైకి ఒకేలా ఉన్నా లోపల రెండు రకాలు. సెట్టింగ్స్‌లో ఫర్మ్‌వేర్ వెర్షన్ 01తో మొదలైతే మొదటి రకం, 02తో మొదలైతే రెండోది. ఒకదాని ఫైలు ఇంకోదానికి పెట్టకూడదు.

క్లిప్ ప్లస్ లెక్కన ఎక్కించే పద్ధతి చెబుతాను. పూర్తిగా చార్జ్ చేయండి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ మోడ్‌ని ఎంఎస్‌సీకి మార్చండి. ఎంటీపీలో లేదా ఆటోలో ఉంటే కంప్యూటర్‌కి డ్రైవ్‌గా కనపడదు, రాక్‌బాక్స్‌ని ఎక్కించే ప్రోగ్రాం రాక్‌బాక్స్ యుటిలిటీ గుర్తుపట్టదు. మెమరీ కార్డు తీసి పక్కన పెట్టండి, ఎక్కాల్సింది లోపలి మెమరీలోకి. కేబుల్ పెట్టి, రాక్‌బాక్స్ యుటిలిటీ తెరిచి, మోడల్ సరిగ్గా పట్టిందో లేదో చూసి ఇన్‌స్టాల్ నొక్కండి. మధ్యలో అది కంపెనీ ఒరిజినల్ ఫర్మ్‌వేర్ ఫైలు అడుగుతుంది. ఆ ఫైల్లోనే బూట్‌లోడర్‌ని (ఆన్ చేయగానే రాక్‌బాక్స్‌ని తెరిచే చిన్న ప్రోగ్రాం) అతికించి ప్లేయర్‌లో పెడుతుంది. కాపీ అయ్యాక సేఫ్‌గా ఎజెక్ట్ చేసి కేబుల్ తీయండి.

అసలు రాత జరిగేది అప్పుడే, కేబుల్ తీశాక, ప్లేయర్ సొంత బ్యాటరీ మీద. ముందు చార్జింగ్ చేయమన్నది అందుకే. కరెంటు పోయినా కాపీ మధ్యలో తెగకుండా ల్యాప్‌టాప్ మీద చేయడం మేలు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో సగం ఫైలు పడ్డాక కరెంటు పోతే ప్లేయర్ దాన్ని కేబుల్ తీసినట్టే లెక్కేస్తుంది. సముద్రం ఒడ్డున గాలివాన పట్టిన సాయంత్రం, సోంపేట అయినా భోగాపురం అయినా, ఈ పని రేపటికి పెట్టుకోండి.

స్క్రీన్ మీద అప్‌గ్రేడ్ అవుతోందని చూపించి ఆఫ్ అవుతుంది. మళ్లీ ఆన్ చేస్తే రాక్‌బాక్స్ బొమ్మ రావాలి. బొమ్మ వచ్చి, ఫైలు దొరకలేదని రాస్తే కంగారు పడకండి. బూట్‌లోడర్ ఎక్కింది, దాని వెనక ఉండాల్సిన డాట్ రాక్‌బాక్స్ ఫోల్డర్ దాని చోట లేదు. యుటిలిటీ లేకుండా చేత్తో రాక్‌బాక్స్ జిప్‌ని వేరే ఫోల్డర్లోకి విప్పి ఆ ఫోల్డర్‌తో సహా కాపీ చేసినప్పుడు ఇలా అవుతుంది. ఎడమ బటన్ నొక్కిపట్టి ఆన్ చేస్తే కంపెనీ ఫర్మ్‌వేరే తెరుచుకుంటుంది. కేబుల్ పెట్టి, ఆ ఫోల్డర్‌ని డ్రైవ్ మొదట్లోకే జరపండి. ఈ ఎడమ బటన్ తర్వాత కూడా ఎప్పుడైనా పనికొస్తుంది. రెండు ఫర్మ్‌వేర్లూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వేసి చూసి నిర్ణయించుకోవడానికి పెద్ద భయం లేదు. పూర్తిగా బిగుసుకుపోతే పవర్ బటన్ 20 సెకన్లు నొక్కిపట్టండి. నిజంగా చచ్చిపోయేది తప్పుడు రకం ఫైలు రాసినప్పుడే. అప్పుడు కేసు విప్పి, లోపలి చిప్ కాళ్లు కలిపి రికవరీకి తేవాలి. మామూలు ఫోన్ రిపేర్ షాపులో అయ్యే పని కాదు.

కార్డు విషయంలో: 64 జీబీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి, రాక్‌బాక్స్‌కి ఫ్యాట్32 కావాలి. విండోస్ మామూలు ఫార్మాట్ కిటికీ 32 జీబీ దాటితే ఫ్యాట్32 ఇవ్వదు, రూఫస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో చేయాలి. కొత్త కార్డుని ముందు కార్డు అసలు సైజు పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో నిండా రాయించి చదివించండి. దొంగ కార్డులో పాట మధ్యలో తెగితే జనం రాక్‌బాక్స్‌ని తిడతారు. క్లిప్ ప్లస్‌లో ఉన్న ర్యామ్ 8 ఎంబీ, వేల పాటలతో డేటాబేస్ కట్టాలంటే చాలాసేపు ఆలోచిస్తుంది. ఫోల్డర్లు శుభ్రంగా పెట్టుకుని ఫైల్ బ్రౌజర్‌తోనే తిరిగితే బేగి అయిపోతుంది.

ఐపాడ్‌కి ప్రమాదం ఇంకా తక్కువ. ఎక్కడ చెడినా డిస్క్ మోడ్‌లో పెట్టి ఐట్యూన్స్‌తో రీస్టోర్ చేస్తే ఎప్పటిలా అవుతుంది, పాటలు మాత్రం పోతాయి, ముందే కాపీ పెట్టుకోండి. చూడాల్సిందల్లా విండోస్‌లో ఫార్మాట్ అయిందా లేదా అని. మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన ఐపాడ్‌ని రాక్‌బాక్స్ చదవలేదు, ముందు విండోస్‌లో రీస్టోర్ చేయాలి. వీడియో మోడల్‌లో మెనూ, మధ్య బటన్ కలిపి నొక్కి రీసెట్ చేసి, వెంటనే హోల్డ్ స్విచ్ వేస్తే యాపిల్ ఫర్మ్‌వేర్ వస్తుంది. ఐట్యూన్స్‌లో కొన్న, కాపీ కాకుండా తాళం వేసిన పాత పాటలు రాక్‌బాక్స్‌లో పాడవు. అలాంటివి ఎక్కువున్నవాళ్లు ఉన్నదే ఉంచుకోండి. ఐట్యూన్స్ పంపిన ఫైళ్లకి అర్థంలేని నాలుగక్షరాల పేర్లు ఉంటాయి కాబట్టి ఐపాడ్‌లో మాత్రం డేటాబేస్ కట్టక తప్పదు.

కొత్త వెర్షన్‌కి మారడానికి బూట్‌లోడర్‌ని మళ్లీ కదపనక్కర్లేదు, కొత్త జిప్‌ని పాత ఫోల్డర్ మీదే విప్పితే చాలు. మీ సెట్టింగులు కాన్ఫిగ్ ఫైల్లో అలాగే ఉంటాయి. అమ్మేసేటప్పుడో, పిల్లలకి ఇచ్చేటప్పుడో వెనక్కి తిప్పాలంటే కంపెనీ ఒరిజినల్ ఫైలుని డ్రైవ్ మొదట్లో పెట్టి కేబుల్ తీయండి. క్లిప్ ప్లస్ తనే పాత ఫర్మ్‌వేర్ రాసుకుంటుంది. ఆ ఒరిజినల్ ఫైలు మాత్రం ఎక్కించిన రోజే ఒక కాపీ దాచుకోండి, కొన్నేళ్ల తర్వాత కంపెనీ సైట్‌లో వెతికితే దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు.