చాంద్‌పూర్ బూడిదరంగు ఇసుక

మాది నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ నీళ్లు ఏం చేస్తాయో చిన్నప్పుడే చూశాను కాబట్టి, బంగ్లాదేశ్‌లో చాంద్‌పూర్ వైపు బ్రిడ్జి పునాదుల పనికి వచ్చినప్పుడు ముందుగా అడిగింది తాగే నీళ్ల గురించే. క్యాంపు పక్కనే చేతిపంపు ఉంది, నీళ్లు తేటగా, చల్లగా, ఏ వాసనా లేకుండా వస్తున్నాయి. బోర్లు వేసే మిస్త్రీ మాత్రం వద్దన్నాడు. "స్యార్, పంపు మూతి చూడండి." ఎర్ర పెయింట్ పెచ్చులూడిపోయి ఒక మరక మిగిలింది, అంతే. ఎరుపంటే నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉన్నట్టు, ఆకుపచ్చ అయితే తాగొచ్చు. 2000 తర్వాత కొన్నేళ్లలో దాదాపు 50 లక్షల బోర్లు పరీక్షించి ఇలా రంగులేశారు.

ఏదో ఫ్యాక్టరీ వదిలిన విషమనుకున్నారు మా సైట్ వాళ్లు. కాదు, ఇది మట్టిలోంచే వస్తుంది. హిమాలయాల రాళ్లు అరిగి గంగ, బ్రహ్మపుత్ర, మేఘన మోసుకొచ్చిన ఒండ్రు ఇది. అక్షింతల బియ్యానికి పసుపు పట్టినట్టు ఆ ఇసుక రేణువులకి పల్చగా ఇనుప తుప్పు పట్టి ఉంటుంది, ఆర్సెనిక్ ఆ తుప్పుని అంటిపెట్టుకుని ఉంటుంది. అక్కడున్నంతసేపూ ప్రమాదం లేదు. కానీ వరదలు కొత్త మట్టి పరుస్తూ ఆకులూ అలములూ కూడా కప్పేస్తాయి, వాటిని తినే సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్ అంతా వాడేసి, అది అయిపోయాక తుప్పులోని ఇనుముతో శ్వాస సాగిస్తాయి, దాంతో తుప్పు కరిగి ఆర్సెనిక్ నీళ్లలోకి దిగుతుంది. డెల్టా చదును కాబట్టి భూగర్భజలం చాలా మెల్లగా కదులుతుంది, వేల ఏళ్లయినా అది కడుక్కుపోదు. ఇక్కడి మట్టిలో ఆర్సెనిక్ ఏమంత ఎక్కువ కూడా లేదు, కిలోకి కొన్ని మిల్లీగ్రాములు, చాలాచోట్ల మామూలు మట్టిలో ఉండేంతే! ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరు నీళ్లకి పెట్టిన హద్దు 10 మైక్రోగ్రాములు, బంగ్లాదేశ్‌ది 50. చాంద్‌పూర్ జిల్లాలో సర్వే చేసిన బోర్లలో 90 శాతం ఆ 50 కూడా దాటేశాయి.

మిస్త్రీ పని చూసి తీరాలి. వెదురు పరంజా మీద కూర్చుని పైపు మూతిని అరచేత్తో మూస్తూ తీస్తూ ఉంటాడు, కింద మనుషులు పైపుని ఎత్తి దించుతుంటే బురద భళ్లున పైకి చిమ్ముతుంది. ఆ ఇసుకని గుప్పిట్లోకి తీసుకుని రంగు చూస్తాడు. నల్లగా, బూడిదరంగులో ఉంటే తుప్పు కరిగిపోయిన పొర, ఆగడు. ఎర్ర ఇసుక తగిలితే ముఖం వెలుగుతుంది. సముద్రమట్టం తక్కువగా ఉన్న మంచుయుగంలో గాలి తగిలి తుప్పు గట్టిపడిన పాత పొర అది, ఆర్సెనిక్‌ని వదలదు. ఇక్కడి మిస్త్రీల ఈ రంగుల లెక్కని శాస్త్రవేత్తలు ఈ జిల్లాలోని మత్లబ్‌లోనే పరీక్షించి సరైనదేనని చెప్పారు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

1970లలో చెరువు నీళ్లతో కలరా వస్తోందని ఊరూరా చేతిపంపులు వేశారు, మంచి ఉద్దేశమే. ఆర్సెనిక్ ఉన్నట్టు 1993లో గానీ తేలలేదు. అప్పటికే ఎంతమందికి అరచేతులు, అరికాళ్లు కాయలు కాసినట్టు గట్టిపడ్డాయో. నాకు మింగుడుపడనిది ఆ తర్వాతి సంగతి. పెయింట్ వెలిసిపోయింది, ఆ తర్వాత జనం సొంత డబ్బుతో వేసుకున్న బోర్లు చాలావరకు ఏళ్ల తరబడి పరీక్షే చూడలేదు.

ఇటు పనికొచ్చే మనవాళ్లకి చెప్తున్నాను, మరిగించి తాగితే సరిపోతుందనుకోకండి, నీళ్లు తగ్గి విషం ఇంకా చిక్కనవుతుంది. బకెట్లో పట్టి ఉంచితే కాసేపటికి ఎర్రటి మడ్డి దిగుతుంది, దానితో కొంత ఆర్సెనిక్ కూడా దిగుతుంది కానీ అంతా కాదు. టెస్ట్ కిట్ అడగండి, సిగ్గుపడొద్దు.

మా క్యాంపుకి 150 మీటర్లు దాటించి లోతు బోరు వేయించాం, పైపొర నీళ్లు పైపు వెంబడి జారకుండా బంకమట్టితో మూయించాం, పరీక్ష చేయించాకే తాగాం. సాయంత్రం చుట్టుపక్కల ఇళ్లవాళ్లు బిందెలతో వస్తారు. పని అయ్యాక దాన్ని పూడ్చకుండా ఊరికి అప్పజెప్పమని ఆఫీసుకి రాశాను. జవాబు రాలేదు, మళ్లీ రాస్తాను.